నీటి తోటకు క్రొత్త దీపము

నెమలి అను గ్రామము తిరువూరు ప్రాంతమున, గంపలగూడెం మండలములో ఉన్నది. 2022 వరకు అది కృష్ణా జిల్లాలోనిది, నేడు ఎన్.టి.ఆర్. జిల్లాలోనిది. అచ్చటి వేణుగోపాలస్వామి ఆలయమువలన ఆ పేరు దూరప్రాంతములవారికి సైతము పరిచితమైనది. పింఛధారి కొలువైన ఊరికి నెమలి యని పేరుండుట ఎంత ఉచితమో చెప్పనక్కరలేదు. ఆ పింఛమును గురించియే ఇంగ్లండు దేశపు శాస్త్రజ్ఞుడు రాబర్టు హుక్ 1665లో ప్రకటించిన గ్రంథమున ఒక చిత్రమైన సంగతి వ్రాసెను. సూక్ష్మదర్శిని క్రింద నెమలి ఈకను పరీక్షించుచు దానిని నీటితో తడిపి చూడగా, ఆ నీలము, ఆ పచ్చ, ఆ బంగారువన్నె మాయమైనవట! ఈకలో నీలిరంగు అను పదార్థము లేదు. అందున్నది గోధుమవన్నె ద్రవ్యము మాత్రమే. అతి సూక్ష్మముగా, క్రమముగా పేర్చబడిన కణికలకును వాటి నడిమి గాలికిని మధ్య వెలుగు ఆడు ఆటయే మనకు రంగుగా కనబడును. గాలి యుండవలసిన చోట నీరు చేరినచో ఆట చెడును, రంగు పోవును.

చేపల తొట్టెలలో విరివిగా పెంచు నియాన్ టెట్రా అను చిన్నచేప ప్రక్కన మెరయు నీలిచారయు ఇట్టిదే. అదియు రంగుద్రవ్యము కాదు, పలుచని స్ఫటికముల పనితనము. ఆకు పచ్చదనము అట్టిది కాదు. పత్రహరితము నిజమైన రంగుద్రవ్యము. వెలుగును పట్టి తినునది. కనుక నీటితొట్టిలో దీపము చేపకు అలంకారము, మొక్కకు అన్నము. ఈ భేదమును మరచినవారే తొట్టి దీపమును మార్చునపుడు చిక్కులలో పడుదురు.

నెమలివంటి ఏదో ఒక గ్రామమున, ఉన్నత పాఠశాలలోని విజ్ఞానశాస్త్రపు గదిలో, ఒక గాజుతొట్టి ఉన్నదనుకొందము. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగున్నర ఎత్తు. మెట్రిక్ కొలతలలో 60, 30, 45 సెంటీమీటర్లు. అంచువరకు నింపినచో 81 లీటర్ల నీరు పట్టును. అడుగున కడిగిన వాగు ఇసుక. కట్టలేరు మడుగులలోనుండి తెచ్చిన నాలుగు నీటిమొక్కలు, పది పరిగె పిల్లలు. పైమూతలో ఎప్పుడో బిగించిన పాత ట్యూబులైటు. మొదటి రెండు నెలలు అందరకును ముచ్చటయే. పిదప మొక్కలు తీగలవలె సాగి, కణుపునకు కణుపునకు నడుమ దూరము పెరిగి, క్రింది ఆకులు రాలుట మొదలగును. 'వెలుతురు చాలలేదు, దీపము మార్చవలెను' అని ఎవరో ఒకరు అందురు. ఆ మాట నిజమే కావచ్చును. కాని దీపము మార్చిన మూడు వారములకే తొట్టి అంతయు పాకుడుతో నిండుటయు, ఒక తెల్లవారుజామున చేపలు వెల్లకిల తేలుటయు తొట్టెలు పెంచువారు ఎరుగని సంగతులు కావు. పిల్లలు పేర్లు పెట్టి పెంచుకొన్న చేపలు అట్లు పోయినచో, ఆ గదిలో మరల గాజుతొట్టి లేచుట కష్టము.

నీటిలోని మొక్కకు వెలుగుతో గల సంబంధమును మొట్టమొదట స్పష్టముగా చూపినవాడు హాలండు దేశీయుడగు యాన్ ఇంగెన్‌హౌస్. నీటిలో ముంచిన ఆకులనుండి ఎండలో బుడగలు లేచుటయు, చీకటిలో ఆగిపోవుటయు అతడు 1779లో ప్రకటించెను. 1850లో లండను రసాయనశాస్త్రజ్ఞుడు రాబర్టు వారింగ్టన్ ఒక తొట్టిలో రెండు బంగారుచేపలను, వాలిస్నేరియా అను నీటిగడ్డిని, కుళ్ళిన ఆకులను తినుటకై నత్తలను కలిపి పెంచి, చేప విడచునది మొక్కకును, మొక్క విడచునది చేపకును ఎట్లు ఉపకరించునో రసాయన సంఘమునకు నివేదించెను. మూడేండ్లకు లండను జంతుప్రదర్శనశాలలో మత్స్యశాల తెరువబడెను. మన దక్షిణదేశమున మద్రాసు సముద్రతీరమున 1909లో వెలసిన మత్స్యప్రదర్శనశాలను పెద్దలు కొందరు కథగా చెప్పుదురు. అది రెండవ ప్రపంచయుద్ధ కాలమున మూతపడినది. వారింగ్టను తొట్టికి విద్యుద్దీపము లేదు, పగటి వెలుగే ఆధారము. దీపము వచ్చిన తరువాతనే ఎంత వెలుగు అను ప్రశ్న మన చేతిలోనికి వచ్చినది.

ఇక దీపముల సంగతి. రెండడుగుల పాత ట్యూబులైటు 20 వాట్లది; దానికి తోడు చోకు మరికొంత విద్యుత్తును మ్రింగును. అది ఇచ్చు వెలుగు సుమారు వేయి ల్యూమెనులు. అంతే పొడవుగల ఎల్.ఇ.డి. పట్టీ 10 వాట్లతోనే ఇంచుమించు ఆ వేయి ల్యూమెనులను ఇచ్చును. రోజునకు ఎనిమిది గంటలు వెలిగించినచో పాతదానికి నెలకు ఏడు యూనిట్లు పట్టును, క్రొత్తదానికి రెండున్నర యూనిట్లు చాలును. పాతగొట్టములో పాదరసమున్నది, పగిలినచో పిల్లలచేత ఊడ్పించరాదు. ఈ క్రొత్త దీపమునకు మూలమైన నీలికాంతి డయోడును సాధించినందులకు అకసాకి, అమానో, నకమురా అను ముగ్గురికి 2014లో భౌతికశాస్త్రపు నోబెలు బహుమతి లభించినది. తెల్లగా కనబడు ఎల్.ఇ.డి. నిజమునకు నీలిదీపమే, దానిపై పూసిన పసుపుకాంతి నిచ్చు పదార్థము తోడై మన కంటికి తెలుపు తోచును. పాఠశాలలో సి.డి. పలక ఉన్నచో దానిపై ఆ వెలుగును వాల్చి వర్ణపటమును పిల్లలకు చూపవచ్చును. నీలిపట్టీ ఒకటి ప్రత్యేకముగా మెరయుట వారే కనిపెట్టుదురు.

వాట్లు సగమే, వెలుగు సమానము; ఇక చింత యేల అని అనిపించును. మోసము ఇక్కడనే ఉన్నది. ట్యూబులైటు నలుదిక్కులకు వెలుగును వెదజల్లును. అందు సగము మూతవైపునకు పోవును. పైగా ఏడాది వాడిన గొట్టములోని పూత నీరసించును. అది దినదినము కొంచెముగా తగ్గుటచే మన కన్ను గుర్తింపదు. ఎల్.ఇ.డి. వెలుగు అంతయు క్రిందికే దిగును. కనుక పెట్టెపైని అంకె ఒకటే అయినను, నీటిలోనికి చేరు వెలుగు ఒక్కసారిగా రెట్టింపు కావచ్చును. 'అదే దీపమును పెట్టితిని, పాకుడెట్లు వచ్చినది' అని ఆశ్చర్యపడువారికి ఇదియే సమాధానము.

ల్యూమెను అనునది మనిషి కన్ను కొలత. మన కంటికి పచ్చని వెలుగు మిక్కిలి ప్రకాశవంతముగా తోచును, ఎరుపు, నీలము మందముగా తోచును. మొక్కకు ఆ లెక్క లేదు. అది 400 మొదలు 700 నానోమీటర్ల తరంగదైర్ఘ్యముగల వెలుగునంతను వాడుకొనును. కణమునకు కణము లెక్కించుకొనును. 1882లో ఎంగెల్‌మన్ అను జర్మను శాస్త్రజ్ఞుడు నాచుపోగుపై వర్ణపటమును ప్రసరింపజేసి, ప్రాణవాయువును కోరు సూక్ష్మజీవులు ఎరుపు, నీలి భాగములలో గుమిగూడుటను చూచెను. అది మొదలు 'ఆకు పచ్చవెలుగును వాడదు' అను మాట పాఠములలో స్థిరపడినది. ఆ మాట సగమే నిజము. 1972లో మెక్రీ ప్రకటించిన కొలతలను చూచినచో పచ్చవెలుగు కూడ చాలవరకు పనికివచ్చుచునే ఉన్నదని తెలియును. కనుక మొక్కల పేర అమ్ము ఊదారంగు దీపములకై అధికమూల్యము చెల్లించుట నా మతమున అనవసరము. మామూలు తెల్లని దీపము, 6500 కెల్విన్ అని వ్రాసియున్నది, చక్కగా చాలును. ఊదావెలుగులో పరిగెలు పగటివేషగాండ్రవలె కనబడుట అదనపు నష్టము.

నీరు వెలుగును మ్రింగునను భయమును గురించి ఒక మాట. సముద్రమున ఎరుపు ముందుగా మాయమగుట నిజమే. కాని అడుగున్నర లోతు తేటనీటిలో ముదురెరుపు సైతము ఐదవవంతుకు మించి తగ్గదు. నీలము దాదాపు తగ్గనే తగ్గదు. మన తొట్టిలో అడుగుమొక్కకు వెలుగు అందకపోవుటకు ముఖ్యకారణములు వేరు. మూతగాజుపై పేరుకొన్న సున్నపుమరకలు, పైన తేలియాడు అంతరతామర, దీపము దూరము. దీపము మార్చుటకు ముందు గాజును నిమ్మరసముతో తుడిచి, తేలు మొక్కలను సగము తీసివేసి, పదునైదు దినములు వేచి చూచుట మంచిది. కొన్ని తొట్టెలకు అంతకుమించిన చికిత్స అక్కరలేదు.

అసలు చిక్కును తెలిసికొనుటకు మన బడులలో అందరు ఎరిగిన ప్రయోగమే చాలును. బీకరులో హైడ్రిల్లా, దానిపై బోర్లించిన గాజుగరాటు, గరాటుపై నీటితో నిండిన పరీక్షనాళిక. బుడగలు లేచును, వాయువు చేరును, మండు పుల్ల భగ్గుమనును. ప్రాణవాయువు వచ్చినదని వ్రాసికొని మనము ముగింతుము. అక్కడ ముగింపక ఇంకొక గంట కొనసాగించినచో ఎంత విద్య దొరకునో! హైడ్రిల్లా కాడను కోసి, కోసిన కొన పైకుండునట్లు నీటిలో ఉంచి, చిన్న దీపమును 80 సెంటీమీటర్ల దూరమున పెట్టి, నిమిషమునకు లేచు బుడగలను లెక్కింపవలెను. 40 సెంటీమీటర్లకు తెచ్చినచో వెలుగు నాలుగు రెట్లగును, బుడగలు పెరుగును. 20కి తెచ్చినచో మరల నాలుగు రెట్లు. బుడగలు పెరుగును కాని అంతగా పెరుగవు. 10కి తెచ్చినచో ఇంచుమించు అక్కడనే నిలిచిపోవును. అపుడు నీటిలో చిటికెడు వంటసోడా కలిపి చూడుడు. దీపము కదలలేదు, అయినను బుడగలు మరల వేగము పుంజుకొనును. మొక్కకు అంతవరకు లోటైనది వెలుగు కాదు, బొగ్గుపులుసు వాయువు. (ఈ దూరవర్గనియమము చిన్నదీపమునకే వర్తించును. పొడవైన ట్యూబునకు వెలుగు అంత వేగముగా తగ్గదు. చురుకైన విద్యార్థి ఎవడైనను అడుగును, ఉపాధ్యాయుడు సిద్ధముగా ఉండవలెను.)

ఈ సూత్రమునే 1905లో బ్లాక్‌మన్ అను ఆంగ్ల వృక్షశాస్త్రజ్ఞుడు చెప్పెను. పలు కారణములపై ఆధారపడిన క్రియ, వాటిలో మిక్కిలి కొరతగా ఉన్నదాని వేగమునే నడచును. బండికి జోడెడ్లలో ఒకటి కుంటిదైనపుడు రెండవదానిని అదలించి ప్రయోజనము లేదు. గాలితో సమతౌల్యమున ఉన్న నీటిలో బొగ్గుపులుసు వాయువు లీటరునకు అర మిల్లీగ్రాము చుట్టుప్రక్కల మాత్రమే ఉండును. పైగా నీటిలో అది వ్యాపించు వేగము గాలిలోకంటె సుమారు పదివేల రెట్లు తక్కువ. అందుచేతనే పట్టణములలో ఘనమైన నీటితోటలు పెంచువారు బలమైన దీపముతోపాటు సిలిండరునుండి ఆ వాయువును, సీసాలనుండి నత్రజని, భాస్వరము, పొటాషియము, ఇనుములను అందింతురు. బడితొట్టికి ఆ వైభవము వద్దు, ఆ దీపమును వద్దు.

మరి మొక్క వాడుకొనలేని వెలుగు ఏమగును? ఊరకే పోదు. పాకుడు వాడుకొనును. చేపల విసర్జనమునుండియు, మిగిలిన మేతనుండియు పుట్టు నత్రజని నీటిలో ఉన్నది. ఎదుగుదల ఆగిన మొక్క దానిని పీల్చుకొనదు. ఏకకణపు నాచునకు వేరులేదు, కాండము లేదు, ఎదుగుటకు కాలము పట్టదు. నీరు వారములో పచ్చబడును. పగలు ఈ పచ్చనినీరు ప్రాణవాయువును మెండుగా విడచును. రాత్రి మొక్కలు, నాచు, చేపలు, అడుగున కుళ్ళు అన్నియు కలిసి దానినే పీల్చును. 25 సెంటీగ్రేడు డిగ్రీల వద్ద లీటరు నీటిలో 8.3 మిల్లీగ్రాముల ప్రాణవాయువు కరగును. 35 డిగ్రీల వద్ద 7 మాత్రమే. తిరువూరు వేసవి ఎట్టిదో ఆ ప్రాంతమువారికి చెప్పనక్కరలేదు. కనుక అపాయము నడివేసవి తెల్లవారుజామున పొంచియుండును.

ఈ సంగతి కైకలూరు, కొల్లేరు ప్రాంతపు చేపల రైతులకు క్రొత్త కాదు. చెరువులో ఎరువు వేసి, ఎండ సాయముతో నాచును పెంచి, దానితో చేపను పెంచుట వారి వృత్తి. అయినను మబ్బుపట్టిన దినముల తరువాత వేకువనే చెరువుగట్టుపై నిలిచి, చేపలు నోళ్ళు తెరచి పైకి వచ్చుచున్నవా యని వారు చూతురు, ఏరేటర్లను తిప్పుదురు. లక్షల పెట్టుబడి ఆ ఒక్క వేకువపై ఆధారపడియుండును. వెలుగు తగ్గినను ముప్పే, ఎరువును వెలుగును మితిమీరినను ముప్పే యని వారికి అనుభవమున తెలిసినది. గాజుతొట్టి ఆ చెరువునకు నమూనా. ఆ రైతుల బిడ్డలు తరగతిలో ఉన్నచో ఈ పాఠమును వారిచేతనే చెప్పించవచ్చును.

ఇక దీపము మార్చు విధానము. 10 వాట్ల పట్టీని కొని, నీటిమట్టమునకు ఆనించి కాక, ఒక అడుగు ఎత్తున వ్రేలాడదీయవలెను. మొదటి రెండు వారములు రోజునకు ఆరు గంటలే వెలిగించవలెను. మన ఆకాశమున పగలు సుమారు 11 నుండి 13 గంటలు ఉండును గదా, తొట్టికి ఆరేల యని సందేహము కలుగవచ్చును. మడుగులో ఉదయసాయంకాలముల వెలుగు ఏటవాలుగా పడి మందముగా ఉండును. దీపము వెలిగిన క్షణము నుండి ఆరు వరకు ఒకే బలముతో ఉండును. నీడలో పుట్టిన ఆకు పలుచనిది. ఒక్కసారి బలమైన వెలుగు పడినచో పాలిపోవును. క్రొత్త ఆకులు క్రొత్త వెలుగునకు తగినట్లు పుట్టుటకు రెండు మూడు వారములు పట్టును. పిదప పాకుడు లేదని నిర్ధారించుకొని, వారమునకు అరగంట చొప్పున పెంచి, ఎనిమిది గంటల వద్ద ఆపవలెను. వారమునకొకసారి మూడవవంతు నీటిని మార్చవలెను. కిటికీ ఎండ తగులుచున్నచో, దీపమునకంటె ముందు కిటికీకి తెర కట్టవలెను.

మొక్కలు ఏమి చెప్పుచున్నవో చూచుట నేర్చుకొనవలెను. ముదురాకులు పసుపుబారినచో నత్రజని లోటు. వరిచేనిలో రైతు చూచునదియు ఇదే. లేతాకులు పాలిపోయి ఈనెలు మాత్రము పచ్చగా ఉన్నచో ఇనుము లోటు. దీపము మార్చిన తరువాత ఇట్టివి కనబడినచో దీపము చెడ్డదని తలపరాదు. ఎదుగుదల వేగమై నిలువ సరకు తరిగినదని గ్రహింపవలెను. కొన్ని మొక్కల చివుళ్ళు మంచి వెలుగులో ఎరుపెక్కును. నూజివీడు, తిరువూరు తోటలలో మామిడి లేతచివుళ్ళు రాగివన్నెతో మెరయుట అందరు చూచినదే. రెంటికిని కారణము ఒక్క జాతి రంగుద్రవ్యమే, అది లేతాకును తీవ్రమైన వెలుగునుండి కాపాడునని పలువురి అభిప్రాయము.

ఏ మొక్కలను పెంచవలెను? పట్టణపు దుకాణములలో ఇంపైన సంచులలో పెట్టి అమ్ము రోటలా రొటుండిఫోలియా, హైగ్రోఫిలా పాలిస్పెర్మా మొదలగువాని శాస్త్రనామముల చరిత్ర చూచినచో నవ్వు వచ్చును. ఆ రెండు పేర్లకును మూలమున రాక్స్‌బరో పేరు తగిలియున్నది. 1781 మొదలు పన్నెండేండ్లపాటు గోదావరి మండలపు సామర్లకోటలో తోట పెంచి, తెలుగు దేశపు మొక్కలను బొమ్మలు గీయించి ప్రపంచమునకు చూపిన వైద్యుడు ఈయనయే. రోటలా, లిమ్నోఫిలా జాతుల మొక్కలు మన వరిమళ్ళలో కలుపుగా పెరుగును. మన నీరుగొబ్బి హైగ్రోఫిలాకు దగ్గరి చుట్టము. కలుపుతీతలో గట్టున పారవేయునదే సముద్రములు దాటి అద్దాల పెట్టెలలో అందగత్తెయై కూర్చున్నది! కనుక బడితొట్టికి దుకాణము చుట్టూ తిరుగనక్కరలేదు. వాలిస్నేరియా, హైడ్రిల్లా ఈ రెండును తక్కువ వెలుగుతో తృప్తిపడును. హైడ్రిల్లా మరింత గడుసుది. బొగ్గుపులుసు వాయువు చాలనపుడు నీటిలోని బైకార్బొనేటునుండియు దానిని సంపాదించుకొనగలదు. అవసరమైనపుడు మొక్కజొన్న పద్ధతివంటి కిరణజన్య సంయోగక్రియను ఒకే కణములో నడుపుకొనగలదు.

ఆ గడుసుతనమునకు మరొక ముఖము ఉన్నది. 1950 ప్రాంతమున చేపల తొట్టెల వ్యాపారము ద్వారా అమెరికాలోని ఫ్లారిడాకు చేరిన హైడ్రిల్లా, అచ్చటి సరస్సులను, కాలువలను క్రమ్మివేసి, నేటికిని కోట్ల డాలర్ల ఖర్చునకు కారణమగుచున్నది. మన గుర్రపుడెక్క మనకు చేసినదే మన హైడ్రిల్లా వారికి చేసినది. తొట్టిలో పెరిగి ఎక్కువైన మొక్కలను, దుకాణపు చేపలను కట్టలేరులో గాని, ఊరి చెరువులో గాని వదలరాదని పిల్లలకు గట్టిగా చెప్పవలెను. తొట్టి అద్దములు నాకునని తెచ్చిన దక్షిణ అమెరికా చేప ఒకటి ఇప్పటికే మన తూర్పుకనుమల నీళ్ళలో వ్యాపించి జాలరుల వలలను చింపుచున్నది. కత్తిరించిన మొక్కలను ఎండబెట్టి తోటలో ఎరువుగా వేయుట ఉత్తమము.

విద్యుత్తును గూర్చి జాగ్రత్త. నీరు, కరెంటు ప్రక్కప్రక్కన ఉన్న చోట పిల్లలు ఉన్నారు. తొట్టినుండి వచ్చు తీగ ప్లగ్గునకు చేరుటకు ముందు క్రిందికి వంగి మరల పైకి పోవలెను. అపుడు తీగ వెంట జారిన నీటిబొట్టు ఆ వంపువద్ద నేలపై రాలును గాని ప్లగ్గులోనికి పోదు. 30 మిల్లీఆంపియర్ల లీకేజికి తెగిపోవు రక్షణస్విచ్చి తప్పక ఉండవలెను. స్విచ్చి తీసి ప్లగ్గు ఊడదీసిన పిమ్మటనే నీటిలో చేయి పెట్టవలెను. ఈ నియమమును తొట్టిపై పెద్దక్షరములతో వ్రాసి అంటింపవలెను.

దీపమునకు ఒక టైమరును తగిలించుట అవసరము. బడికి సెలవులు ఉండును. వెలిగించువాడు మరచిపోవుటయు, ఆర్పువాడు మరచిపోవుటయు ఉండును. దసరా సెలవులకు పోవునపుడు దీపమును నాలుగు గంటలకు తగ్గించి, మేత సగము చేసి, వేకువనే వచ్చి చూచుటకు ఊరిలోని విద్యార్థి నొకనిని నియమింపవలెను. వాడు గాజుపై చేయి వేయనక్కరలేదు, మేత వేయనక్కరలేదు. చేపలు అడుగున తిరుగుచున్నవా, పైకి వచ్చి నోళ్ళు తెరచుచున్నవా అని మాత్రము చూచి, తేదీ వేసి పుస్తకములో ఒక పంక్తి వ్రాసినచో చాలును. పైకి వచ్చినచో ఒక చెంబుతో తొట్టినీటినే తీసి, జానెడు ఎత్తునుండి మరల అందులోనే పోయుచుండవలెను, ఉపాధ్యాయుడు వచ్చువరకు.